కొడవలి ఆయుధమా, పనిముట్టా?



ఈ పూట విత్తనాల గురించి గాని, ఎరువుల గురించి గాని ముచ్చటించబోవడం లేదు. పొద్దున లేస్తే మీ చేతిలో ఉండే వస్తువు గురించి చెప్పదలచుకున్నాను. కొడవలి, మచ్చుకత్తి, గొడ్డలి. పొలంలో ఉన్నంతసేపు వీటి సంగతి ఎవరూ అడగరు. రోడ్డెక్కినప్పుడే పేచీ వస్తుంది.

ఎట్లా వస్తుందంటారా? వరికోతలు ముమ్మరంగా ఉన్నవనుకోండి. ఊళ్లో కూలీలు చాలక, పక్క మండలం నుంచి పదిమందిని పిలిపించారు. తెల్లవారుజామున వాళ్లు ఆటో ఎక్కి వస్తున్నారు. పదిమంది, పది కొడవళ్లు. ఆ వారం దారిలోని ఊళ్లో ఏదో గొడవ జరిగి నిషేధపుటుత్తర్వు అమలులో ఉంది. పోలీసువారు ఆటో ఆపి, “ఏమిటివన్నీ? 144 ఉందని తెలియదా?” అంటారు. “కోతకు పోతున్నామయ్యా” అంటారు వీళ్లు. మాట మాట పెరుగుతుంది. కొడవళ్లు స్టేషనుకు చేరతాయి. ఆ పదిమందికీ ఆనాటి కూలి పోతుంది. ఇక్కడ చేను ఒరిగి ఉంటుంది, ఆకాశంలో మబ్బు పట్టి ఉంటుంది.

తప్పు పోలీసువారిదా, కూలీలదా అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. వాళ్ల భయం వాళ్లది, వీళ్ల అవసరం వీళ్లది. అసలు కొడవలి చట్టం దృష్టిలో ఆయుధమేనా? ఊరికొక రూలు పెట్టే అధికారం ఎవరికైనా ఉందా? ఒకదానికొకటి పొసగని రెండు కట్టుబాట్లు ఉంటే ఏది నిలుస్తుంది? ఈ సంగతులు తెలిసి ఉంటే ఆటో ఆగిన చోట మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ముందు మొదటికి పోదాం. మన రాజ్యాంగంలో ఏడవ షెడ్యూలు అని ఒకటి ఉంది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్లు, ఏ విషయం మీద పార్లమెంటు చట్టం చేయవలెనో, ఏ విషయం మీద రాష్ట్ర శాసనసభ చేయవలెనో అందులో పంచిపెట్టారు. వ్యవసాయం రాష్ట్రాల వాటాకు వచ్చింది. శాంతిభద్రతలు, పోలీసు, పంచాయతీలు కూడా రాష్ట్రాల వాటావే. ఆయుధాలు మాత్రం కేంద్రం వాటాకు పోయాయి. కేంద్ర జాబితాలో అది 5వ అంశం. కాబట్టి ఏది ఆయుధం, ఏది కాదు అని తేల్చవలసింది పార్లమెంటు. ఆ పని 1959లో చేసింది. ఆ ఏటి 54వ చట్టమే ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. నేటికీ, సవరణలతో, అదే నడుస్తున్నది.

దానికి ముందు ఇంగ్లీషువారి కాలంలో 1878 నాటి చట్టం ఉండేది. అందులో తుపాకులు, కత్తులు, బాకులు, బరిసెలతో పాటు విల్లమ్ములను కూడా ఆయుధాల లెక్కలో రాశారు. కొండప్రాంతాల్లో వేటతో బతికే గిరిజనుడి విల్లు దొరవారి కళ్లకు ఎట్లా కనిపించిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

1959 చట్టం రెండవ సెక్షనులో ఆయుధమంటే ఏమిటో చెప్పారు. దాడికి గాని, ఆత్మరక్షణకు గాని ఆయుధంగా ఉపయోగపడేటట్లు తయారుచేసినవి, లేక అందుకు మలచినవి ఆయుధాలు. తుపాకులు, పదునైన మారణాయుధాలు ఇందులోకే వస్తాయి. ఇంతవరకు చెప్పి, వెంటనే ఒక మినహాయింపు పెట్టారు. కేవలం ఇంటి వాడకానికి, కేవలం వ్యవసాయపు వాడకానికి తయారైన వస్తువులు ఆయుధాల కిందికి రావు. అందుకు చట్టమే రెండు ఉదాహరణలు ఇచ్చింది. ఒకటి లాఠీకర్ర, రెండవది మామూలు చేతికర్ర. పిల్లల ఆటబొమ్మల్లాంటివి కూడా రావు.

చూశారూ, రైతు పనిముట్టుకు మినహాయింపు ఏ అధికారీ దయతో ఇచ్చింది కాదు. పార్లమెంటు చేసిన చట్టంలో, మొదటి పుటల్లోనే ఉంది. వరి కోసే కొడవలి, కలుపు తీసే తొలిక, చెరకు నరికే కత్తి, కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుల కత్తి, తెలంగాణలో మోకు, ముస్తాదుతో పాటు గీతకార్మికుడు నడుముకు కట్టుకునే గీతకత్తి, ఇవన్నీ పనికోసం పుట్టినవే. వీటికి లైసెన్సు ఉందా అని ఆయుధాల చట్టం అడగదు. వీటిని చేసిచ్చే కమ్మరిని కూడా అడగదు.

అయితే ఆ మినహాయింపులో “కేవలం” అన్న మాట ఒకటి ఉంది. దాన్ని తేలికగా తీసిపారేయకండి. వరి కొడవలి ఒకటి, వేటకొడవలి ఒకటి. రెండింటి పేరులోనూ కొడవలి ఉంది. మొదటిది గడ్డినీ పంటనూ కోయడానికి వంపు తిరిగింది. రెండవది దేనికోసం సాగిందో రాయలసీమ రైతులకు నేను చెప్పనక్కరలేదు. చట్టం పేరును చూడదు. ఆ వస్తువు ఏ పనికి తయారైందో చూస్తుంది. అట్లాగే కట్టెలు కొట్టే గొడ్డలి పనిముట్టు. యుద్ధానికి చేసిన గండ్రగొడ్డలి ఆయుధం. మచ్చుకత్తిని మామూలుగా సానపట్టి వాడుకుంటే పేచీ లేదు. అదే మచ్చుకత్తికి రెండు వైపులా పదును పెట్టించి, మొన తీయించి, పిడికి అడ్డుకమ్మీ వేయించితే, “మలచినవి” అన్న మాట కిందికి అది వచ్చే ప్రమాదం ఉంది. మీ కమ్మరి మీకు ఆప్తుడైతే కావచ్చు గాని, అట్టి పని చేయించుకోవద్దు.

కొలతల సంగతి కూడా చాలామంది అడుగుతూ ఉంటారు. “తొమ్మిది అంగుళాలు దాటితే నేరమట గదా!” అని. ఈ మాటకు మూలం లేకపోలేదు. ఆయుధాల నియమావళిలో, అంటే 1962లో చేసినదానిలోనూ, దాని స్థానంలో 2016లో వచ్చినదానిలోనూ, తుపాకులు కాని ఆయుధాలను ఐదవ తరగతిగా వేరుచేశారు. పట్టాకత్తులు, బాకులు, బరిసెలు, 9 అంగుళాల కంటే పొడవు గాని, 2 అంగుళాల కంటే వెడల్పు గాని ఉన్న అలుగు గల కత్తులు అందులోకి వస్తాయి. ఇంతవరకే చెప్పుకుని ఊళ్లో భయపడుతున్నారు. అదే వాక్యంలో ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రానికి, పరిశ్రమకు తయారైనవి తప్ప అని కూడా ఉంది. ఆ ముక్క మనవాళ్ల చెవిదాకా రాలేదు. మచ్చుకత్తి 2 అంగుళాల వెడల్పు దాటే ఉంటుంది. కొడవలి అలుగును వంపు వెంట కొలిస్తే 9 అంగుళాలు తేలికగా దాటుతుంది. ఆ మినహాయింపే లేకపోతే ఊళ్లో ప్రతి ఇంటి చూరులోనూ ఒక ఆయుధం ఉన్నట్లే లెక్క.

పైగా తుపాకులు కాని ఆయుధాలకు కూడా లైసెన్సు దేశమంతటా అక్కరలేదు. ఆ చట్టం నాలుగవ సెక్షను ప్రకారం, ఫలానా ప్రాంతంలో పరిస్థితులను బట్టి ఫలానా రకం ఆయుధాలకు లైసెన్సు ఉండవలెనని గెజెట్‌లో ప్రకటిస్తే, ఆ ప్రాంతంలో ఆ రకానికి మాత్రమే నిబంధన వర్తిస్తుంది. ఢిల్లీలో 1980లో అట్టి ప్రకటన ఒకటి వచ్చింది. మీట నొక్కితే విచ్చుకునే బటన్ కత్తులు, గరారీ కత్తులు, అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు గాని అంతకు మించి గాని ఉన్నవి దాని కిందికి వచ్చాయి. చూడండి, అక్కడ కూడా పేరుపెట్టి చెప్పింది జేబుకత్తులను, కొడవలిని కాదు.

ఇప్పుడు ఊరి రూళ్ల సంగతికి వద్దాం. ఒక్కొక్కచోట గ్రామపెద్దలు కూర్చుని, “సంతలోకి కత్తి తెచ్చినవాడికి ఇంత జరిమానా” అని తీర్మానం రాస్తూ ఉంటారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు; ఒకనాడు సంతలో తలలు పగిలి ఉండవచ్చు. కాని పంచాయతీకి ఉన్న అధికారం శాసనసభ చేసిన పంచాయతీరాజ్ చట్టం ఇచ్చినంతే. ఆంధ్రప్రదేశ్‌లో అది 1994 చట్టం, తెలంగాణలో 2018 చట్టం. ఆ శాసనసభకే ఆయుధాలు తన వాటాలో లేవు. అన్నకు లేని పొలం తమ్ముడు కౌలుకు ఎట్లా ఇస్తాడు? కనుక చట్టం పనిముట్టు అన్నదాన్ని పంచాయతీ తీర్మానం ఆయుధంగా మార్చలేదు. తన ఆవరణలో మాత్రం, మార్కెట్ యార్డువారు గాని, సహకార సంఘంవారు గాని, “కత్తులు గేటు దగ్గర పెట్టి లోపలికి రండి” అనవచ్చు. అది ఇంటి యజమాని చెప్పులు బయట విడవమన్నట్లు. పెట్టి వెళ్లండి, దానికి పేచీ ఎందుకు?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. మన పిల్లలు ఎందరో పోయి స్థిరపడ్డ అమెరికాలో ఇది పెద్ద వివాదమే అయింది. అక్కడ కత్తుల మీద ముఖ్యంగా రాష్ట్రాల చట్టాలు నడుస్తాయి. వాటికి తోడు నగరాలు తమ తమ నిబంధనలు పెట్టుకుంటూ వచ్చాయి. టెక్సాస్ రాష్ట్రంలో పశువులను పెంచే రైతు జేబులో మడతకత్తి ఉంటుంది. తాడు కోయాలన్నా, మేత కట్ట విప్పాలన్నా అదే గతి. ఆ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో, తెరిస్తే బిగుసుకుని నిలిచే మడతకత్తిని వెంట ఉంచుకోవడం, కొన్ని మినహాయింపులు తప్ప, నగర నిబంధన ప్రకారం తప్పుగా ఉండేది. ఊరి బయట ఒప్పైనది పొలిమేర దాటగానే తప్పు! దారిన పోయేవాడికి ఏ ఊరి రూలు ఎక్కడ మొదలవుతుందో ఎట్లా తెలుస్తుంది?

ఈ బాధ మీదనే 2010లో అరిజోనా రాష్ట్రం మొదట చట్టం చేసింది. కత్తుల విషయంలో రాష్ట్ర చట్టమే చట్టం, నగరాలు, కౌంటీలు అంతకంటే కఠినంగా వేరే రూళ్లు పెట్టరాదని దాని సారాంశం. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారిన నడిచాయి. టెక్సాస్‌లో 2015 సెప్టెంబరు 1 నుంచి అట్టి చట్టమే వచ్చి శాన్ ఆంటోనియో నిబంధన వంటివి చెల్లకుండా పోయాయి. ఒహాయో రాష్ట్రంలో 2022లో వచ్చింది. దీన్ని ఒప్పుకోనివారూ అక్కడ ఉన్నారు. ఊరి కష్టం ఊరివారికే తెలుస్తుంది, రాజధానిలో కూర్చున్నవారికి ఏం తెలుసునని వారి వాదం. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. టెక్సాస్‌వారు కూడా రూలు ఒక్కటి చేశారే గాని, కత్తిని ఎక్కడికైనా తీసుకుపొమ్మనలేదు. 2017లో చేసిన మార్పు ప్రకారం అలుగు ఐదున్నర అంగుళాలు దాటిన కత్తిని బడులకు, న్యాయస్థానాలకు, పోలింగు కేంద్రాలకు, ఆసుపత్రులకు, ప్రార్థనా స్థలాలకు తీసుకుపోకూడదు. కాని ఆ జాబితా రాష్ట్రమంతటికీ ఒక్కటే. రైతు ఒక్కసారి తెలుసుకుంటే చాలు.

మనకు ఈ పంపకం 1950లో రాజ్యాంగంతోనే అయిపోయింది. కాబట్టి మన దేశంలో మునిసిపాలిటీకి, పంచాయతీకి వేరు వేరు కత్తి చట్టాలన్న బెడద లేదు. మన చిక్కు మరొక చోట ఉంది. ఆటో ఆపినప్పుడు పోలీసువారు చెప్పింది పంచాయతీ తీర్మానం కాదు గదా, 144 అన్నారు. దాని సంగతి కాస్త నిదానంగా వినండి.

144 అన్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షను. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఇదే అధికారం 163వ సెక్షనులో ఉంది. జనం నోట ఇప్పటికీ 144 అనే నలుగుతున్నది. అల్లరి జరగవచ్చునని, ప్రాణాపాయం కలగవచ్చునని తోచినప్పుడు కలెక్టరు గాని, ఆర్.డి.ఓ. గాని, అధికారం ఇచ్చిన మరొక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని, ఫలానా చోట ఫలానా పని చేయవద్దని లిఖితపూర్వకంగా ఉత్తర్వు చేయవచ్చు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్లు వంటి చోట్ల ఈ అధికారం పోలీసు కమిషనరు చేతిలో ఉంటుంది. కమిషనరేటు అంటే పట్నమే అనుకోవద్దు; వరంగల్లు కమిషనరేటులో వరి, పత్తి పండే పల్లెలు ఎన్నో ఉన్నాయి.

ఈ ఉత్తర్వు కూడా పార్లమెంటు చేసిన చట్టం నుంచే వచ్చింది. కనుక “కొడవలి ఆయుధం కాదని పెద్ద చట్టం చెప్పింది, మీ ఉత్తర్వు నాకు లెక్క లేదు” అనడానికి వీల్లేదు. ఎందుకంటే మేజిస్ట్రేటు ఇక్కడ ఇది ఆయుధమా కాదా అని తేల్చడం లేదు. ఈ వారం రోజులు ఈ ప్రాంతంలో వీటిని పట్టుకుని తిరగవద్దంటున్నాడు, అంతే. ఆయుధాల చట్టం ఆయుధం కాదని పేరుపెట్టి చెప్పిన లాఠీకర్రను కూడా ఇటువంటి ఉత్తర్వుల్లో నిషేధిస్తూ ఉంటారు. ఈ రెండు చట్టాలు ఒకదాన్నొకటి కొట్టుకోవడం లేదు. ఒకటి వస్తువు సంగతి చెబుతుంది. రెండవది చోటు, సమయం సంగతి చెబుతుంది. ఈ తేడా తెలియకనే ఆటో దగ్గర ఇరుపక్షాలూ వాదించుకుంటాయి.

అయితే ఆ ఉత్తర్వుకు కూడా కట్టుగొయ్య ఉంది. రెండు నెలలకు మించి అది నిలవదు. మనుషుల ప్రాణాలకు ముప్పు ఉన్నదనో, దొమ్మీ జరగవచ్చుననో రాష్ట్ర ప్రభుత్వం భావిస్తే మరో ఆరు నెలల వరకు పొడిగించవచ్చు. ఉత్తర్వులో కారణాలు రాయవలె. ఏ ప్రాంతానికో, ఏ మనుషులకో చెప్పవలె. దానివల్ల నష్టపోయినవాడు రద్దు చేయమనో, మార్చమనో అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకున్నవాడికి తన మాట చెప్పుకునే అవకాశం తొందరగా ఇవ్వవలె. ఇది చట్టంలో రాసి ఉన్న హక్కు. దీన్ని వాడుకున్న రైతులు తక్కువ.

ఉత్తర్వును తెలిసి ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షను కింద శిక్ష ఉంది. ఆరు నెలల వరకు సాధారణ ఖైదు గాని, 2,500 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని. ప్రాణాలకు ముప్పు తెచ్చేటట్లయితే ఏడాది, 5,000 రూపాయలు. “తెలిసి” అన్న మాట చట్టంలో ఉంది. అందుచేతనే ఉత్తర్వును దండోరా వేయించడం, నోటీసు అంటించడం ముఖ్యం. తెలియదని చెప్పి తప్పించుకోవచ్చుననే ధీమా మాత్రం పెట్టుకోకండి. మైకులో చెప్పినప్పుడు మీరు ఊళ్లోనే ఉన్నారని నలుగురూ చెబుతారు.

ఇక మరచిపోకూడనిది అడవి సంగతి. నల్లమల అంచున, కవ్వాల్ చుట్టుపక్కల, పాపికొండల్లో, కొల్లేరు గట్టున ఉండేవారు ప్రత్యేకంగా వినవలె. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మరొక కేంద్ర చట్టం. దాని 31వ సెక్షను ప్రకారం, ముందుగా రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదు. ఆ చట్టంలో ఆయుధమంటే ఏమిటో వేరుగా రాశారు. విల్లమ్ములు, కత్తులు, కొక్కేలు, వలలు, ఉచ్చులు, విషం కూడా అందులో ఉన్నాయి. వ్యవసాయ పనిముట్టు తప్ప అన్న మినహాయింపు ఆ నిర్వచనంలో లేదు! కాబట్టి బయట పనిముట్టైన కత్తి అభయారణ్యపు గీత దాటగానే ఆయుధమై కూర్చుంటుంది. మేకలకు ఆకు కొట్టడానికి కత్తి పట్టుకుని లోపలికి పోయే కాపరి, వల భుజాన వేసుకున్న మనిషి, ఇద్దరికీ ఇది వర్తిస్తుంది. జంతువుల మేలు కోరి చేసిన చట్టమే; అయినా అడవి అంచు పల్లెల్లో ఈ సంగతి ఎవరో పట్టుబడిన తరువాత గాని తెలియడం లేదు. మీ పొలానికి దారి అభయారణ్యం గుండా ఉంటే, అటవీ రేంజి ఆఫీసుకు పోయి రాతమూలకంగా అడిగి పెట్టుకోండి.

పోలింగు రోజున మరొకటి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 134-బి సెక్షను కింద, ఆ రోజున పోలింగు కేంద్రం పరిసరాలకు ఆయుధంతో పోకూడదు. అక్కడ ఆయుధమంటే ఆయుధాల చట్టం చెప్పిన అర్థమే. అంటే లెక్కప్రకారం మీ కొడవలి దాని కిందికి రాదు. అయినా ఓటు వేయడానికి కొడవలితో ఏం పని? ఇంట్లో పెట్టి వెళ్లండి, లేకపోతే ఓటు వేసి వచ్చి పొలానికి పొండి.

సంక్రాంతి కోడిపందేల కత్తి సంగతి కూడా ఒకరు అడిగారు. చిన్నదే గదా, చట్టంలో కొలతకు రాదు గదా అని. దాని చిక్కు కొలతతో కాదండీ. పందెమే నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1974 నాటి జూద నిషేధ చట్టం దాన్ని చూసుకుంటాయి. ఆ కత్తి ఎన్ని అంగుళాలని అక్కడ ఎవరూ కొలవరు.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. పనిముట్టు అన్న రక్షణ ఆ వస్తువును పనికి వాడినంతసేపే. గట్టు తగాదాలో ఎత్తిన కొడవలికి ఈ చట్టం ఏ అండా ఇవ్వదు. గాయపరచిన వస్తువు కోసేదో, పొడిచేదో అయితే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షను చాలు. దొమ్మీలో పట్టుకుని నిలబడితే 191వ సెక్షను చాలు. ఇంటి నుంచి తెచ్చింది కొడవలే గదా అంటే వినేవారు ఉండరు.

ఇప్పుడు ఆటో దగ్గరికి తిరిగి వద్దాం. కూలీలు ఏం చేసి ఉండవలసింది? కొడవళ్లను ఎవరి చేతిలో వారు పట్టుకుని కూర్చోక, అన్నింటినీ ఒక గోనెపట్టాలో చుట్టి తాడుతో కట్టి అడుగున పెట్టవలసింది. ఇది పోలీసువారికోసమే కాదు. గతుకుల రోడ్డు మీద ఆటోలో విప్పి ఉన్న పది కొడవళ్లు మీ కాళ్లకే శత్రువులు. మేస్త్రీ దగ్గర ఫలానా ఊళ్లో, ఫలానా రైతు చేను కోతకు పోతున్నామన్న రాత, రైతు ఫోను నంబరు ఉండవలె. ఆపినప్పుడు, “అయ్యా, ఇవి కోత కొడవళ్లు. ఇదుగో రైతు నంబరు, అడగండి. ఉత్తర్వులో వ్యవసాయ పనులకు మినహాయింపు ఉందేమో చూడండి” అని నెమ్మదిగా అడగవచ్చు. మినహాయింపు లేదని తేలితే వాదించవద్దు. దారి మార్చుకుని పోవచ్చునేమో, చేను రైతు తన దగ్గరి కొడవళ్లే ఇస్తాడేమో చూసుకోండి. కూలి దక్కడం ముఖ్యం.

స్వాధీనం చేసుకుంటామంటే చేసుకోనివ్వండి. కాని ఏమేమి తీసుకున్నారో జాబితా రాయించమని అడగండి. కొత్త సంహిత 105వ సెక్షను ప్రకారం సోదాను, స్వాధీనాన్ని, జాబితా మీద సాక్షుల సంతకాలతో సహా, ఫోనులో గాని మరొక దానిలో గాని వీడియో తీయవలెనని ఉంది. మీ వస్తువు తిరిగి ఇప్పించమని కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలుకు డబ్బు లేదంటారా? జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది అందుకే. షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 అన్న నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

విస్తరణోద్యోగులకు నా మనవి ఒకటి ఉంది. నిషేధపుటుత్తర్వుల్లో ముసలివాళ్ల ఊతకర్రకు మినహాయింపు రాయడం అలవాటుగా ఉంది. కోతకు పోయే కొడవలికి అంత తరచుగా రాయడం లేదు. ఉత్తర్వు రాసే గుమాస్తాకు రైతు మీద కోపం ఉండి కాదు. పాత నకలు చూసి కొత్తది రాస్తాడు, ఆ నకలులో కొడవలి మాట లేదు. రాయమని ఎవరూ అడగలేదు. మీ మండలంలో కోతలు ఎప్పుడు మొదలయ్యేదీ, ఏ ఊరికి ఏ ఊళ్ల నుంచి కూలీలు వచ్చేదీ మీకంటే బాగా తెలిసినవారు లేరు. కోతల్లో గాని, చెరకు నరుకుడు సమయంలో గాని ఇటువంటి ఉత్తర్వు వచ్చిందని తెలిసిన నాడే, వ్యవసాయ పనిమీద పనిముట్లు కట్టగట్టి తీసుకుపోయేవారికి ఇది వర్తించదు అన్న ఒక్క వాక్యం చేర్చమని తహసీల్దారుగారి ద్వారా అర్జీ పంపండి. నలుగురు రైతుల సంతకాలు పెట్టించండి. అర్జీలో ఊళ్ల పేర్లు, తేదీలు, ఎకరాలు రాయండి. రెండు పుటలు అక్కరలేదు, పది పంక్తులు చాలు. ఉత్తర్వులో ఆ వాక్యం చేరితే దాని నకలు ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు, ఒకటి ఆటోవాళ్ల స్టాండులో అంటించండి. మేస్త్రీలు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని పెట్టుకుంటారు.